వీరబాబు మునక

వీరబాబుకి బాప్తిస్మం కావాలి. అదీ వెంటనే కావాలి. అమలాపురం వెళ్ళి తెల్ల చొక్కా, తెల్ల పంచె కొనేసి, ఇస్త్రీ కూడా చేయించేసి, ఆ సంచీ చంకలో పెట్టుకుని తిన్నగా పాస్టరు వెంకటకృష్ణ గారింటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. పాస్టరు గారు లుంగీ ఎగ్గట్టి స్కూటీ కడుక్కుంటున్నారు.

"వచ్చే ఆదివారం నన్ను ముంచెయ్యండి అయ్యగారూ," అన్నాడు వీరబాబు.

"ఎక్కడ ముంచమంటారు బ్రదర్? కాలువలు కట్టేసేరు కదా!"

నిజమే. ఏటా వేసవిలో పైన లాకుల దగ్గర నీళ్ళు ఆపేస్తారు. ఇక జూన్ దాకా పంటకాలువల్లో గుర్రపుడెక్క ఎండి చాపలా పరుచుకుని ఉంటుంది, దాని మీద మేకలు తిరుగుతుంటాయి. ఊరివాళ్ళెవరికీ కొత్త సంగతి కాదు. కానీ చొక్కా కొన్న ఉత్సాహంలో వీరబాబుకి నీళ్ళ సంగతే గుర్తు రాలేదు. అంతలోనే మెరుపులాంటి ఆలోచన వచ్చి ముందుకి వంగాడు.

"మా చెరువుంది కదండీ! బోల్డు నీళ్ళు. గుండెల్లోతు. ఏరియేటర్లు తిరుగుతా ఉంటాయి కాబట్టి పారే నీళ్ళకింద లెక్కేనండి."

"రొయ్యల చెరువులోనా?"

"ఆయ్. మీరు దిగేముందు కాళ్ళు మందునీళ్ళలో కడుక్కుంటే చాలండి, వైరస్ రాకుండా. మామూలుగా మేం ఎవర్నీ దిగనివ్వమండి. మీరు గనక."

పాస్టరు గారు నవ్వాపుకోలేక బకెట్టు కింద పెట్టేశారు. నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగారు. "పట్టుబడి అయ్యేక ఆ నీళ్ళు ఎటు వదుల్తారు బ్రదర్?"

వీరబాబు స్కూటీ చక్రం వైపు చూశాడు. రొయ్యలు పట్టి లారీకెత్తేశాక చెరువు ఖాళీ చెయ్యాలి, ఆ ఉప్పునీళ్ళు ఎటో ఒకటు పోవాలి. పెద్ద డ్రైను దూరం. చేలకి నీళ్ళందించే పంటబోదె పక్కనే. అల్లవరం అవతల ఆ శివారు ఊళ్ళో చెరువులవాళ్ళు ఎటు వదుల్తారో వీరబాబూ అటే వదిలాడు. ఆ బోదె చివర ఉన్నది జగ్గయ్య చేను.

"అందరూ వదిలేదేగా అండీ."

"అందరూ వచ్చి నన్ను ముంచమని అడగట్లేదుగా."

వీరబాబుకి తెలిసిందల్లా ఒకటే. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి మంచాన పడితే, పరిచయం కూడా లేని నలుగురు మనుషులు గదికొచ్చి అన్నం వండిపెట్టి, బట్టలుతికి, శుక్రవారం పక్కన మోకరించి ప్రార్థన చేశారు. అప్పట్నుంచీ అతని మనసు అటు తిరిగింది. ఊరొచ్చేసి, చెరువు తవ్వించి, ప్రతి ఆదివారం పాస్టరు గారి రేకుల షెడ్డులో వెనక చాప మీద కూర్చుంటున్నాడు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం వస్తాయి. పక్కవాళ్ళందరూ తీసుకుంటారు. పళ్ళెం అతని ముందుకొచ్చేసరికి పట్టుకున్నవాడు చూపు తిప్పేసుకుని దాటిపోతాడు, ఎందుకంటే వీరబాబు ఇంకా మునగలేదు. ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ దాటిపోవడం ఉంది చూశారూ, పెళ్ళి పంతిలో విస్తరేసి వడ్డన మర్చిపోయినట్టుంటుంది. అది తట్టుకోలేకే చొక్కా కొన్నాడు.

పాస్టరు గారు వచ్చి పక్కన కూర్చున్నారు. "మునగడం అంటే ఏంటనుకుంటున్నారు బ్రదర్?"

"పాపాలు పోతాయండి."

"అది స్నానం లెక్క కాదు. సమాధి లెక్క. నీళ్ళలోకి వెళ్ళినవాడు చచ్చిపోయినట్టు. లేచినవాడు కొత్తవాడు. ముందు మారుమనస్సు రావాలి, అంటే ఏడవడం కాదు, వెనక్కి తిరగడం. మొట్టమొదటి రోజుల్లో అడిగినోళ్ళని అడిగినట్టే ముంచేసేరు, ఒక్కరోజున వేలమందిని. తర్వాత తరాలు వచ్చేసరికి భయమేసింది వాళ్ళకి. ఏళ్ళ తరబడి ఆపేవారు. ఏం పని చేసుకు బతుకుతున్నాడు, జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాడా లేదా అని విచారించి, అప్పుడు గానీ నీళ్ళలోకి దింపేవారు కాదు."

"అయితే ఆ మొదటి పద్ధతే చేద్దామండి," అన్నాడు వీరబాబు వెంటనే.

"భలేవాడివయ్యా!"

"కాదండీ, నాకో డౌటు. పాత వీరబాబు నీళ్ళలో చచ్చిపోయేడనుకోండి. మరి జగ్గయ్య గారి చేనుకి జవాబు ఎవరు చెప్తారండీ? కొత్త వీరబాబు ఏం చెయ్యలేదు కదా?"

ఏదో గడుసుగా అడగాలని అడిగింది కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. పాస్టరు గారు గడ్డం గోక్కుంటూ అన్నారు. "యొర్దాను నది ఒడ్డుకి వచ్చినవాళ్ళందరూ ఒకటే అడిగేరు, మేం ఏం చెయ్యాలీ అని. వాళ్ళకి బాప్తిస్మమిచ్చే యోహాను అందరికీ ఒకే జవాబు చెప్పలేదు. రెండు చొక్కాలున్నవాణ్ణి ఒకటి లేనివాడికి ఇచ్చెయ్యమన్నాడు. పన్నులు వసూలు చేసేవాణ్ణి ఎక్కువ లాక్కోవద్దన్నాడు. సిపాయిని ఎవర్నీ బెదిరించవద్దన్నాడు. ఎవడి పనిలోది వాడికే. రొయ్యల చెరువువాడు వచ్చుంటే ఏం చెప్పేవాడో, మీరే ఆలోచించుకు రండి. జూన్‌లో కాలువ వస్తుంది. అప్పుడు చూద్దాం."

వీరబాబు సంచీ పట్టుకుని ఇంటికి బయల్దేరాడు. దారంతా ఆలోచించాడు. ఏమీ తేలలేదు.

ఇంటి దగ్గర పెళ్ళాం సాయిదుర్గ తులసికోట దగ్గర ముగ్గేసి చేతులు దులుపుకుంటోంది. ఆమె దేవుళ్ళు ఆమెకున్నారు. మొగుడి ప్రార్థనకి ఆమె ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, వెంటా వెళ్ళలేదు. సంగతంతా విని నడుం మీద చెయ్యేసుకుంది.

"ఇదేం విడ్డూరమండీ! పుష్కరాలప్పుడు మనం గోదాట్లో మునిగేం. ఎవరైనా ఏమైనా అడిగేరా? మునిగేం, లేచేం, పులిహోర తిన్నాం, బస్సెక్కేం."

"అది వేరు, ఇది వేరు."

"ఏంటి వేరు?"

"అదే తెలీట్లేదే!"

"తెలిసేక మునగండి," అంది సాయిదుర్గ. "ముందు జగ్గయ్య బాబాయి గారి దగ్గరికెళ్ళి ఓ మాట అనేసి రండి. తప్పయిపోయిందంటే ఏం పోతుంది? ఆయనేం కొట్టడుగా."

ఆ మాట వీరబాబుకి భలే నచ్చింది. సాయంత్రమే వెళ్ళాడు. జగ్గయ్య పశువుల పాక ముందు కొబ్బరి ఆకు చీరుతూ కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, నడుం ఇంకా నిటారుగానే ఉంది. వీరబాబు చేతులు కట్టుకుని నిలబడేసరికి కత్తి పక్కన పెట్టి, అనుమానంగా పైనుంచి కిందకి చూశాడు.

"ఎవరు పంపేరు?"

"ఎవరూ పంపలేదు బాబాయ్ గారూ. నేనే వచ్చేను."

"నేను చేను లీజుకివ్వను. ముందే చెప్తున్నాను."

పాపం జగ్గయ్య తప్పు కాదు. ఆ ఊళ్ళో చెరువులవాళ్ళు అంత మర్యాదగా గుమ్మంలోకి వచ్చారంటే అది లీజుకోసమే. మొదట పక్క చేను ఉప్పెక్కుతుంది, తర్వాత రెండో పంట దాళ్వా పోతుంది, తర్వాత తొలకరి పంట సార్వా పోతుంది, ఆ తర్వాత ఎవడో ఒకడు తెల్ల చొక్కాతో వచ్చి, పండని చేను ఎందుకు బాబాయ్, మాకిచ్చెయ్, చెరువు తవ్వుకుంటాం అంటాడు.

"లీజు కాదండీ. నన్ను క్షమించాలి."

జగ్గయ్య లోపలున్న పెళ్ళాన్ని కేకేశాడు. "లోవమ్మా! ఇటు రా! వీరబాబు క్షమించమంటున్నాడు!"

లోవమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి, "అయ్యో, వంట్లో బాగోలేదా బాబూ?" అంది.

వీరబాబు గాబరాపడిపోతూ మొత్తం చెప్పాడు. పట్టుబడి నీళ్ళు, బోదె, బాప్తిస్మం, పాతవాడు, కొత్తవాడు, యొర్దాను, అన్నీ ఒకదాని మీద ఒకటి. జగ్గయ్య ఓపిగ్గానే విన్నాడు.

"సరే, క్షమించేన్లే. వెళ్ళు."

"అంతేనాండీ?"

"అంతే. నువ్వడిగేవు, నేనిచ్చేను. మరి చేనుకి కూడా చెప్పు. అదీ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

వీరబాబు అక్కణ్ణుంచి కదల్లేదు. మజ్జిగ చేతిలో పట్టుకుని అడిగాడు. "చేనుకి ఎలా చెప్పాలండీ?"

జగ్గయ్య మొదటిసారి అతని మొహంలోకి సరిగ్గా చూశాడు. లేచి కండువా దులిపి, రా అని చేనుకి తీసుకెళ్ళాడు. మట్టి మీద అక్కడక్కడా తెల్లగా పొర కట్టి ఉంది, సున్నం చల్లినట్టు. మొన్నటి వరి మొదళ్ళు ఎర్రగా మాడిపోయి ఉన్నాయి.

"కడగాలి," అన్నాడు జగ్గయ్య. "కాలవొచ్చేక నిండా మంచినీళ్ళు పెట్టి, నిలగట్టి, ఉప్పు కరిగేక తీసెయ్యాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తీసెయ్యాలి. ఒక్కసారికి పోయేది కాదు."

"మాకు ఒక్కసారేనండి," అన్నాడు వీరబాబు ఆశ్చర్యంగా.

"ఏంటి ఒక్కసారి?"

"మునగడం."

"మీది ఉప్పు తక్కువేమోరా," అన్నాడు జగ్గయ్య. "పెట్టడం సరే, తియ్యడానికి దారేదీ? ఇదివరకు ఇక్కడ మురుగుబోదె ఉండేది, డ్రైన్లో కలిసేది. ఇప్పుడది ఎక్కడుందో చెప్పు."

చెప్పక్కర్లేదు. వీరబాబు చెరువుగట్టు దాని మీదే ఉంది. తవ్వించినప్పుడు, ఓ మూల పూడిపోయిన బోదేగా, ఎవడడుగుతాడు అని కలిపేసుకున్నాడు. ఆరోజు జగ్గయ్య గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. అనలేదు కదా అని వీరబాబు ఇన్నాళ్ళూ దాన్ని తప్పుల్లో లెక్కే వెయ్యలేదు. నీళ్ళు వదలడం ఒక్కటే తప్పనుకుని వచ్చాడు.

ఇంటికొచ్చి సాయిదుర్గతో చెప్పాడు, గట్టు లోపలికి జరపాలని. ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఎంత లోపలికి?"

"బోదె పట్టేంత."

"అంటే చెరువు చిన్నదైపోద్ది. రొయ్యపిల్లల సీడు తగ్గించాలి. కువైట్లో ఎండలో మాడి మీరు తవ్వించుకున్న చెరువది." గరిటె గిన్నెలో పడేసింది. "మాట అనేసి రమ్మన్నాను గానీ చెరువు ఇచ్చేసి రమ్మన్నానా? ఆ పాస్టరు గారు ముంచేది మిమ్మల్నా, మనింటినా?"

వీరబాబుకీ అదే అనుమానం.

మే నెలాఖరున పట్టుబడి అయింది. ఈసారి పంటబోదెలోకి వదల్లేదు. ఇంజను తెప్పించి, పైపులు వేయించి, నీళ్ళన్నీ పెద్ద డ్రైన్లోకి తోడించాడు. పక్క చెరువులవాళ్ళు వచ్చి చూసి, వీడికేమైందీ, ఎవరైనా కేసు పెట్టేరా అని గుసగుసలాడుకున్నారు. నీళ్ళు తగ్గాక పొక్లెయిన్ వచ్చింది. దాని పంజా గట్టు మీద మొదటి దెబ్బ వేసి, నాపరాయిలా గట్టిపడ్డ మట్టిని పెళ్ళగించింది. వీరబాబు తనకి పశ్చాత్తాపం వస్తుందనుకున్నాడు. రాలేదు. జగ్గయ్య మీద కోపం వచ్చింది. ఆ ముసలాయన ఆరోజే నోరు తెరిచి అడ్డుపడుంటే ఈ గొడవే లేదు కదా అని పళ్ళు నూరుకున్నాడు. మళ్ళీ ఆ కోపానికి సిగ్గేసి, తిన్నగా పాస్టరు గారికి ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, నాకు మారుమనస్సు రావట్లేదండి. మండిపోతుంది."

"మెషీను ఆపించేసేరా?"

"లేదండి. తవ్వుతానే ఉంది."

"ఇదేంటో నాకూ తెలీట్లేదు బ్రదర్," అన్నారు పాస్టరు గారు. "మీరైతే ఆపకండి."

జూన్‌లో కాలువలు వదిలారు. ఎర్రటి నీళ్ళు, ఎండిన డెక్కని నెట్టుకుంటూ శివారుకి చేరేసరికి అందరికన్నా ఆఖరయింది. శివారు చేలకి నీళ్ళు వంతుల ప్రకారమే వస్తాయి. వంతు దాటితే మళ్ళీ ఎప్పుడో నీళ్ళు వదిలే లస్కరు దయ. పాస్టరు గారు బాప్తిస్మం ఆదివారం పొద్దున్న అన్నారు. సంఘమంతా రేవు దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. సాయిదుర్గ కూడా వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే, తువ్వాలు మర్చిపోయేరు అంది. గట్టు జరిపిన సంగతి మీద ఆమె ఇంకా మొగుడితో ముభావంగానే ఉంది. తువ్వాలు పట్టుకుని మెట్ల పైనే నిలబడింది.

వీరబాబు తెల్ల బట్టలతో రేవులోకి దిగాడు. దిగాక చూస్తే నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి.

"ఇందాక నడుం దాకా ఉన్నాయే!" అన్నారు పాస్టరు గారు.

ఎగువ తూము తీసి ఉంది. జగ్గయ్య చేను కడుగుతున్నాడు. సంఘపెద్ద ఒకాయన, "ఒక్క గంట మూయిస్తే నిండిపోద్ది అయ్యగారూ," అన్నాడు. పాస్టరు గారు వీరబాబు వంక చూశారు. వీరబాబు తడి పంచె పైకి పట్టుకుని గట్టు వెంట పరిగెత్తాడు.

జగ్గయ్య చేను నిండుగా ఉంది. కొత్తగా తవ్విన బోదె నోటి దగ్గర నిలబడి, పారతో మట్టి తీస్తున్నాడు. నీళ్ళు సుడి తిరిగి బోదెలోకి జారుతున్నాయి, వీరబాబు చెరువుగట్టు మొన్నటిదాకా ఉన్న చోటు నుంచే, డ్రైను వైపు.

"ఏరా, మునిగేసేవా?"

"లేదు బాబాయ్. నీళ్ళు చాల్లేదండి." వీరబాబు వగర్చుతూ నిలబడ్డాడు. తూము సంగతి నాలిక చివరిదాకా వచ్చింది.

జగ్గయ్యకి అర్థమైపోయింది. తూము వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు. "మధ్యాహ్నందాకానే వంతు. ఆ తర్వాత ఈ కాలవే ఆగిపోద్ది. మూసెయ్యమంటే మూసేస్తాలే. నీది పెద్ద పనేగా."

మూసెయ్యమనడం ఎంతసేపు? అక్కడ పళ్ళెంలో రొట్టె సిద్ధంగా ఉంది. పాట వినిపిస్తోంది. ఇన్నాళ్ళు ఎదురుచూసింది ఈ ఒక్క గంట కోసమే. ఇక్కడ నీళ్ళు పోతున్నాయి, తెల్లని పొర కరిగి, ఎర్రగా, మడ్డిగా. ఇందులో ఏది తనదో, ఏది ఎవరికి వదులుకోవాలో, వదులుకుంటే దేవుడికి కోపమొస్తుందో సంతోషమొస్తుందో వీరబాబుకి ఎంతకీ బోధపడలేదు. తల గోక్కున్నాడు.

"వద్దులెండి. పారనివ్వండి," అనేశాడు. అనేశాక తనే ఆశ్చర్యపోయాడు.

తిరిగొచ్చి చెప్పేసరికి పాస్టరు గారి మొహంలో రంగులు మారాయి. "వచ్చే ఆదివారం చేద్దామా మరి?"

"అప్పుడూ కడగాలంటండి. మూడు నాలుగుసార్లు కడగాలంట."

రేవు మీద చర్చ లేచింది. ఆగమని ఒకరు, సముద్రానికి వెళ్దామని ఒకరు. పాస్టరు గారు నీళ్ళలో నిలబడి ఆలోచించి, తొలినాటి సంఘాల్లో నీళ్ళు చాలనిచోట మూడుసార్లు తల మీద పోసి కానిచ్చేవారని చెప్పారు. అది మన పద్ధతి కాదు, మునగాల్సిందే అన్నాడు సంఘపెద్ద. పాస్టరు గారికి ఆయన మాట కాదనే ధైర్యం లేదు, వీరబాబుని పంపెయ్యడానికి మనసూ లేదు.

"కూర్చోండి," అన్నారు చివరికి.

వీరబాబు కాలువ అడుగున బురదలో కూర్చున్నాడు. నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. పాస్టరు గారు ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి తల మీద పెట్టి, గొంతు సవరించుకుని అడిగారు. "మారుమనస్సు పొందేరా?"

పొందేనండి అనాలి. అందరూ అలాగే అంటారు. వీరబాబు నోరు తెరిచాడు. మెషీను దగ్గర వచ్చిన కోపం గుర్తొచ్చింది, చెరువులో కోసేసిన ముక్క గుర్తొచ్చింది, అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటోంది.

"ఏమోనండి," అన్నాడు. "పొందుతున్నట్టున్నానండి. ఇంకా అవ్వలేదనుకుంటానండి."

పాట ఆగిపోయింది. పాస్టరు గారు ఏమనుకున్నారో, తండ్రి పేరట, కుమారుని పేరట, పరిశుద్ధాత్మ పేరట అంటూ వెనక్కి వాల్చేశారు.

తల మునిగింది. మోకాళ్ళు లేచాయి. పాస్టరు గారు మోకాళ్ళు నొక్కారు, తల లేచింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "పూర్తిగా మునగాలండీ, ఇలా లెక్క కాదు," అంటున్నాడు సంఘపెద్ద. వీరబాబు నీళ్ళు మింగి, దగ్గుతూ, సగం చచ్చి సగం బతికి, ఏది పాతో ఏది కొత్తో తెలియకుండా కొట్టుకుంటున్నాడు.

"ఏంటండీ ఈ అవస్థ!" అని పై మెట్టు మీద నుంచి గొంతు వినిపించింది. సాయిదుర్గ తువ్వాలు పక్కావిడ చేతిలో పడేసి, చీర కుచ్చిళ్ళు దోపి, ధబధబా మెట్లు దిగి నీళ్ళలోకి వచ్చేసింది. వంగి, రెండు చేతుల్తో మొగుడి మోకాళ్ళు పట్టుకుంది.

"మీరు తల చూసుకోండి పాస్టరు గారూ," అంది.

ఇద్దరూ ఒక్కసారి నొక్కారు. వీరబాబు మొత్తం మునిగిపోయాడు. ఒక్క బుడగ పైకొచ్చింది.

తల పైకొచ్చేసరికి చెవుల నిండా నీళ్ళు, కళ్ళ నిండా ఒండ్రు. ఒడ్డున వాళ్ళు స్తోత్రం అంటున్నారో నవ్వుతున్నారో తెలియట్లేదు. నమ్మని మనిషి చెయ్యి పడితే చెల్లుతుందా అని సంఘపెద్ద అడుగుతున్నాడు. పాస్టరు గారు అటు తల ఊపుతున్నారు, ఇటు తల ఊపుతున్నారు.

"అయిపోయిందాండీ?" అన్నాడు వీరబాబు.

"ఆయ్," అన్నారు పాస్టరు గారు. "అయినట్టే బ్రదర్. రండి, అందరూ రొట్టెకి కూర్చుంటున్నారు."

వీరబాబు బురదలోంచి లేవకుండా, నడుం దాకా తడిసి ఎదురుగా వంగి ఉన్న పెళ్ళాన్ని చూశాడు. ఆమె చేతులు ఇంకా అతని మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"దుర్గా, నువ్వూ మునిగినట్టేనా?"

"నేనా?" సాయిదుర్గ చేతులు తీసేసి చీర పిండుకుంది. "నేను మీ మోకాళ్ళు నొక్కేనంతే. లేవండి."